బాలవాడి కిటికీ ఊచలు

"ఆ సంచి అక్కడే పెట్టు. మెట్టెక్కావంటే బాగుండదు," అంది రంగమ్మ.

ప్రమీల ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. తెల్లచీర, నీలం అంచు, భుజానికి గుడ్డసంచి. ఆరేళ్ళ నుంచీ మునిసిపాలిటీలో హెల్త్ విజిటర్‌గా తెనాలి వీధులన్నీ తిరుగుతున్న మనిషి. మెట్టు కింద నిలబెట్టి మాట్లాడే ఇళ్ళు ఆమెకు కొత్త కాదు.

"నేనే రమ్మన్నాను అత్తయ్యా," అంటూ చంద్రకళ లోపలి నుంచి వచ్చింది.

ఆమె చంకలో మూడేళ్ళ ఇందుమతి తల వాల్చేసి ఉంది. పదకొండు రోజులు గుంటూరు ఆసుపత్రిలో ఉండి నిన్న సాయంత్రమే ఇంటికొచ్చిన పిల్ల. ఇంజక్షన్లు పొడిచిన చోట గడ్డకట్టి, చంక మార్చినా ఉలిక్కిపడి ఏడుస్తోంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"నువ్వు రమ్మన్నావా? ఈ ఇంటికి ఎవరు రావాలో ఎవరు రాకూడదో నువ్వెప్పటి నుంచి చెబుతున్నావు?"

"డాక్టరుగారు చెప్పారు. ఆయనే ఈవిడ పేరున చీటీ రాసిచ్చారు. మీ అబ్బాయి ఎదురుగానే రాశారు. అడగండి."

పూర్ణచంద్రరావు వసారాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. అరగంట నుంచీ అదే పేజీ. "ఏదో అన్నాడులే ఆయన," అన్నాడు తలెత్తకుండా.

"ఏదో కాదు. పాప రక్తంలో సీసం ఉందన్నారు. ఫిట్స్ వచ్చింది దానివల్లేనన్నారు. ఎక్కడో రంగు పెచ్చులు తింటోంది, అదెక్కడో కనిపెట్టకుండా ఇంటికి తీసుకెళ్ళి ఏం లాభం, మళ్ళీ నా దగ్గరికే తెస్తారు, ఈసారి నా చేతుల్లో ఉండకపోవచ్చు అన్నారు. మీరు విన్నారా, లేదా?"

పూర్ణచంద్రరావు పేజీ తిప్పాడు.

"అంటే ఏంటి?" రంగమ్మ గొంతు లేచింది. "మా ఇంట్లో పిల్లకి అన్నం పెట్టక గోడలు నాకుతోందనా? ఈ మాట ఊళ్ళో పాకితే నేను తలెత్తుకు తిరగాలా?"

"తిండి లేక కాదండి అమ్మగారూ," అంది ప్రమీల. "సీసం కలిసిన రంగు నాలుక మీద తియ్యగా ఉంటుంది. ఈ వయసులో పిల్లలు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. కలిగిన ఇంట్లో పిల్లలైనా అంతేనండి."

"నాకు పిల్లల గురించి పాఠం చెబుతున్నావా? తొమ్మిదేళ్ళ నుంచీ బాలవాడి నడుపుతున్నాను. నీకు పెళ్ళయిందా అసలు?"

"లేదండి."

"మరి!"

ప్రమీల సంచిని మాత్రం కింద పెట్టలేదు.

ఈ కేకలకు దశరథరామయ్య స్నానం ముగించుకుని, తడితల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. కాలువ లాకులకు, వంతెనలకు మరమ్మతులు చేయించే కాంట్రాక్టరు. గట్టిగా మాట్లాడడు. అవసరం ఎప్పుడూ రాలేదు. ప్రమీల చేతిలోని చీటీ తీసుకుని దూరంగా పట్టుకుని చదివాడు. రెండు వేళ్ళతో తిరిగి ఇచ్చేశాడు.

"చూడనివ్వవే. చూసి పోతుంది. మన ఇంట్లో దాచుకునేది ఏముంది?"

"మీరు కూడానా?"

"చూడనివ్వమన్నాను."

రంగమ్మ పక్కకు జరిగింది. అలా జరగడంలోనే ప్రమీల నడిచే దారికీ తనకూ మధ్య రెండు మూరల ఎడం ఉండేలా చూసుకుంది.

ప్రమీల పని మొదలుపెట్టింది. సంచిలోంచి సగం బ్లేడు, చిన్న గోధుమరంగు సీసా, గాజు గొట్టం తీసింది. పాప పడుకునే ఉయ్యాల పట్టె మీద బ్లేడుతో గింజంత గాటు పెట్టి, రంగు పొర లోపలి దాకా కనబడేలా చేసి, గొట్టంతో ఒక చుక్క వేసింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. రంగమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంటది?"

"గుంటూరు డాక్టరుగారు బాపట్ల కాలేజీలో రసాయనాల మేష్టారు చేత చేయించి ఇచ్చారండి. రంగులో సీసం ఉంటే ఈ చుక్క పడ్డచోట నల్లబడుతుంది."

అందరూ వంగి చూశారు. ఎవరికి వారు చూడనట్టే ఉన్నారు గానీ అందరూ చూశారు. చుక్క చెక్క మీద అలాగే నిలిచింది. నల్లబడలేదు.

తలుపులు, కిటికీ రెక్కలు, పాప కూర్చునే పీట, వంటింటి అలమర, పెరటి తలుపు. ఎక్కడా నల్లబడలేదు. తలుపులన్నీ వార్నీషు వేసిన టేకు. గోడలకు సున్నం. చంద్రకళ ముఖం గదిగదికీ వాడిపోతోంది. రంగమ్మ ముఖం గదిగదికీ వెలుగుతోంది.

"అయిందా? ఇంక ఏం చూస్తావు, నా పుస్తెలతాడు కూడా గీకి చూస్తావా?"

"క్షమించండమ్మా. ఇంట్లో లేదు." ప్రమీల సీసాకు బిరడా పెట్టింది. అలాగే నిలబడి, చంద్రకళ వైపు తిరిగింది. "పాప పగలంతా ఇంట్లోనే ఉంటుందాండి?"

చంద్రకళ నోరు తెరిచింది. అత్తగారి వైపు చూసింది.

వసారాలో పేపరు చప్పుడు ఆగిపోయింది.

పొద్దున తొమ్మిదింటికి రంగమ్మ చిటికెనవేలు పట్టుకుని ఇందుమతి బయల్దేరుతుంది. నాలుగు దాటాక అదే వేలు పట్టుకుని తిరిగొస్తుంది. నడక వచ్చిన నాటి నుంచీ అంతే. ఈ సంగతి వీధి వీధంతటికీ తెలుసు.

"ఇల్లు చూస్తానన్నావు, చూశావు," అన్నాడు దశరథరామయ్య. "నీ పనైపోయింది. వెళ్ళు."

"పాప ఉండే చోటు చూడాలండి."

"వెళ్ళమన్నాను."

ఆయన గొంతు పెంచడం రంగమ్మ మొదటిసారి విన్నది. తన పరువు కోసమే అంత కోపం తెచ్చుకున్నాడనుకుంది. ఆ అనుకోవడంతో ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"వెళ్ళడమెందుకు? రానివ్వండి. నేనే తీసుకెళ్తా. నా బాలవాడి మీద మాట పడనిచ్చి ఊరుకోమంటారా? ఏమ్మాయ్, పద. ఇరవై ఏడుమంది పిల్లలున్నారు. వాళ్ళ ఎదురుగానే నీ చుక్కలు వేసుకో. ఏమీ లేదని తేలాక, వరమ్మ ముందు, ఆ పిల్లల ముందు, తప్పయిందని చెప్పి పో."

"అలాగేనండి. లేకపోతే నాకూ సంతోషమే."

"నీ సంతోషం నాకక్కర్లేదు."

"రంగా, వద్దు," అన్నాడు దశరథరామయ్య.

రంగమ్మ అప్పటికే చెప్పులేసుకుంటోంది.

*

చంద్రకళ చీర మార్చుకోవడానికి గదిలోకి వెళ్తే వెనకే పూర్ణచంద్రరావు వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"నువ్వెక్కడికి?"

"బాలవాడికి."

"పాపని ఎండలో తిప్పుతావా?"

"ఇక్కడ ఎవరి దగ్గర వదలమంటారు? మీ దగ్గరా? పేపరు చదువుకుంటూ చూసుకుంటారా?"

అతను మంచం పట్టె మీద కూర్చున్నాడు. "చంద్రా, అమ్మకి ఉన్నది అదొక్కటే. అది పెట్టకముందు ఆవిణ్ణి దశరథరామయ్యగారి భార్య అనేవాళ్ళు. ఇప్పుడు నాన్నని బాలవాడి రంగమ్మగారి భర్త అంటున్నారు. ఆవిడ ముఖం ఒక్కసారి చూడు."

"నేను పాప ముఖం చూస్తున్నానండి. పదకొండు రోజుల నుంచీ అదే చూస్తున్నాను. మీరు ఫిట్స్ వచ్చినప్పుడు లేరు. పళ్ళు గిట్టకరిచి, కళ్ళు తేలేసి, నా ఒళ్ళో కర్రలా బిగుసుకుపోయింది. నాకు ఇంకెవరి ముఖమూ గుర్తురావడం లేదు."

"ఒక నెల్లాళ్ళు పాపని బాలవాడికి పంపకు. అంతే కదా కావాల్సింది. దానికి ఊరంతా చాటింపు వెయ్యాలా?"

చంద్రకళ పిన్ను పెట్టుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"అంటే అక్కడుందని మీకు తెలుసా?"

"నేనలా అన్నానా?"

"ఇంకెలా అన్నారు?"

అతను కిటికీలోంచి వాకిట్లోని జీపు వైపు చూశాడు. ఆమె పాపను ఎత్తుకుని, భర్త మోకాళ్ళు తగలకుండా పక్కనుంచి తప్పుకుని బయటికి వెళ్ళిపోయింది.

*

నందివెలుగు రోడ్డు మీద, ఊరు అయిపోయి వరిచేలు మొదలయ్యే చోట బాలవాడి. పెంకుటింటి పొడవునా వసారా, వసారాకి మోకాలెత్తు చెక్క కటకటాలు, లోపల ఒకటే హాలు. హాలుకి ఆరు కిటికీలు. పిల్లలకు బయటి లోకం కనబడాలని రంగమ్మ పట్టుబట్టి కిటికీలన్నీ కిందికి పెట్టించింది. రెండేళ్ళ పిల్ల నిలబడితే ఊచల మధ్యనుంచి రోడ్డు కనిపిస్తుంది. ఊచలకు పసుపు, కటకటాలకు ఆకుపచ్చ. ఏటా ఆగస్టు పదిహేనుకి ముందు రంగమ్మ దగ్గరుండి మళ్ళీ రంగు వేయిస్తుంది.

కూలికి వెళ్ళే తల్లులు పొద్దున్నే దింపి వెళ్ళిన పిల్లలు చాపల మీద కూర్చుని పాట పాడుతున్నారు. ఆయా వరమ్మ ఉగ్గిన్నెలు కడుగుతోంది. రంగమ్మను చూసి పిల్లలు లేచి నిలబడి, "అమ్మగారికి నమస్కారం," అని ఒకే గొంతుతో అరిచారు.

"చూశావా?" అంది రంగమ్మ ప్రమీలతో. "ఎవరి పిల్లలు వీళ్ళు? నీ మునిసిపాలిటీ ఒక్కనాడు వచ్చి వీళ్ళ ముక్కు తుడిచిందా?"

"లేదండి. మీరు చేసింది ఎవరూ చెయ్యలేదు."

"ఆ మెప్పులు వద్దు. కానివ్వు."

అప్పటిదాకా తల్లి భుజం మీద సోలిపోయి ఉన్న ఇందుమతి, పాట వినగానే కదిలింది. దించమని కాళ్ళు తన్నింది. చంద్రకళ కిందికి దించింది. పిల్ల తూలుతూనే, ఎవరి వైపూ చూడకుండా, మూడో కిటికీ దగ్గరికి నడిచింది. రెండు చేతులతో ఊచ పట్టుకుని, అలవాటైన చోట నోరు ఆనించింది.

"ఇందూ!"

చంద్రకళ ఒక్క అంగలో వెళ్ళి పిల్లను లాగేసింది. పిల్ల నోట్లో వేలు పెట్టి, నాలుక మీదనుంచి పసుపు రంగు పెచ్చు ఒకటి తీసింది. చేతివేలి గోరులో సగం ఉంటుంది. అరచేతిలో పెట్టుకుని అత్తగారికి చూపించింది.

రంగమ్మ ఆ పెచ్చు వైపు చూసింది. తర్వాత కిటికీ వైపు. ఆ ఊచ మీద పిల్లల నోరు అందే ఎత్తులో రంగు లేదు. అక్కడ ఇనుము నున్నగా మెరుస్తోంది. పక్క ఊచ మీదా అంతే. ఆ పక్కదాని మీద సగం. ఇన్నాళ్ళూ పిల్లలు పట్టుకుని ఊగితే అరిగిందనుకునేది. అరిగిందని మళ్ళీ వేయించేది.

ప్రమీల వంగింది. రంగు మిగిలిన చోట గాటు పెట్టి చుక్క వేసింది. పసుపు రంగు చూస్తూ చూస్తూ ఉండగా గోధుమరంగుకి తిరిగి, కాటుక నలుపైంది.

"ఇదెక్కడి లెక్క?" రంగమ్మ మాట తడబడింది. వెంటనే సర్దుకుంది. "కింద ఇనుముంది. ఇనుము నల్లబడింది. ఆపాటి నాకు తెలియదా?"

"అది నిజమేనండి, ఇనుముకైనా కాస్త నల్లబడొచ్చు," అంది ప్రమీల. "చెక్క మీద చూద్దాం."

వసారాలో ఆకుపచ్చ కటకటాల పైపట్టె దగ్గరికి వెళ్ళారు. ప్రమీల గాటు పెట్టబోయి ఆగింది. బ్లేడు అక్కర్లేకపోయింది. పట్టె పొడవునా చిన్న చిన్న పంటిగాట్లు. రంగు లేచిపోయి, పొరలు పొరలుగా లోపలిది కనిపిస్తోంది. చుక్క వేసింది. ఈసారి ఇంకా తొందరగా నల్లబడింది.

"ఇంకోచోట వెయ్యి," అంది రంగమ్మ.

వేసింది. నలుపు.

"ఆ చివర. అక్కడ పిల్లలు రారు. అక్కడ వెయ్యి."

అక్కడా నలుపే.

"సీసాలో మందు పాడైపోయుంటుంది."

"పొద్దున మీ ఇంట్లో వాడిన సీసాయేనండి ఇది. అక్కడ ఎక్కడా నల్లబడలేదు. మీరే చూశారు."

"నువ్వు ముందే అనుకుని వచ్చావు. మా మీద కక్ష ఏదో పెట్టుకుని వచ్చావు. ఎవరు పంపారు నిన్ను?"

ప్రమీల తలెత్తి మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. "పిల్ల ఒంట్లో సీసం పంపిందండి. నాకు కక్ష ఉంటే ఇంటి దగ్గర మీరన్నవన్నీ విన్నాక తిరిగి వెళ్ళిపోయేదాన్ని. మీ మనవరాలు మళ్ళీ ఈ ఊచ దగ్గరికే వచ్చేది."

రంగమ్మ చెయ్యి లేచింది. కొడుతుందేమోనని చంద్రకళ అడుగు ముందుకు వేసింది. ఆ చెయ్యి కటకటాల మీద వాలింది. వాలిన చోట పంటిగాట్లు తగిలి, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

వరమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చాలాసేపటి నుంచే నిలబడి ఉన్నట్టుంది.

"అమ్మగారూ, యలమంద కూతురు కూడా ఆ మూడో కిటికీ దగ్గరే ఉండేదండి."

"ఏ యలమంద?"

"పొలం పనికెళ్తాడు కదండి, నందివెలుగు యలమంద. ఆడి చిన్నపిల్ల. పోయినేడు వానల్లో మూర్ఛలొచ్చి పోయింది. కడుపునొప్పని ఏడ్చేది. అన్నం తినేది కాదు. మీరు వాళ్ళమ్మకి చీర పెట్టి పంపారు."

"నోర్ముయ్ వరమ్మా!"

"మూసుకునే ఉన్నానండి ఇన్నాళ్ళూ. నాకేం తెలుసు, రంగులో ఇదుంటదని. ఆ పిల్ల రంగు తింటోందని నేనే రెండుసార్లు ఈపు మీద కొట్టాను." వరమ్మ గిన్నె కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హాల్లో పిల్లలు పాట ఆపేసి వీళ్ళ వైపే చూస్తున్నారు. రంగమ్మ వాళ్ళను లెక్కపెడుతున్నట్టుగా ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వెళ్ళింది. ఎవరు పాలిపోయి ఉన్నారు, ఎవరు ఓ మూల కూర్చున్నారు, ఎవరు మొన్న కడుపునొప్పన్నారు. ఇప్పటిదాకా ఆమె చూసిన ముఖాలే. ఒక్కదాన్ని కూడా ఇలా చూడలేదు.

*

జీపు వచ్చి ఆగింది. దశరథరామయ్య దిగాడు. స్టీరింగు ముందు కూర్చున్న పూర్ణచంద్రరావు దిగలేదు.

"అయిందా తమాషా?" అన్నాడు దశరథరామయ్య. కటకటాల మీద వరసగా ఉన్న నల్లటి మచ్చలు చూశాడు. కండువాతో తుడిచాడు. పోలేదు.

"ఈ రంగు ఎక్కడిదండీ?" అంది రంగమ్మ.

"ఎక్కడిదేంటి, షాపులోది."

"ఏ షాపు?"

"షాపులు లేవా తెనాల్లో? మూడేళ్ళ కిందటి మాట ఇప్పుడడుగుతావేంటి?"

"మూడేళ్ళ కిందట మీరు రెండు డ్రమ్ములు పంపారు. షాపులో డబ్బాలు అమ్ముతారు. డ్రమ్ములు ఎవరమ్ముతారు?"

దశరథరామయ్య ప్రమీల వైపు తిరిగాడు. "నువ్వు బయటికి వెళ్ళు. ఇది మా ఇంటి విషయం."

"ఆమె ఉంటుంది," అంది రంగమ్మ. "వరమ్మా, వెనక పాకలో డ్రమ్ము దొర్లించుకురా."

"వరమ్మా, కదిలావంటే రేపటి నుంచి పనిలోకి రాకు," అన్నాడు ఆయన.

వరమ్మ ఇద్దరి వైపూ చూసింది. తర్వాత కొంగు బొడ్లో దోపుకుని పాక వైపు వెళ్ళింది.

డ్రమ్ము మీద పేరు సుత్తితో కొట్టి చెరిపేసి ఉంది. అడుగున మాత్రం ఎవరూ చెరపలేదు. దుమ్ము తుడిస్తే తెల్లటి అంకెలు, ఒక బాణం గుర్తు. కాలువ లాకుల దగ్గర ఇనప తలుపుల మీద, పనిముట్ల మీద, గట్టు మీద రాళ్ళ మీద అందరూ చూసే సర్కారు గుర్తే.

"లాకుల తలుపులకి వేసే రంగు," అంది చంద్రకళ నెమ్మదిగా. "నీళ్ళలో తుప్పు పట్టకుండా వేసేది. పిల్లల కిటికీలకి వేయించారా మావయ్యగారూ?"

"మిగిలింది. పారబొయ్యమంటావా? వానకీ ఎండకీ చెక్కుచెదరని రంగు. మంచి సరుకని పంపాను. విషమని నాకేం తెలుసు? అందరూ ఇదే వేస్తారు."

"విషమని తెలియదు. సరే," అంది రంగమ్మ. "దొంగసరుకని తెలుసు కదా. అందుకేగా పొద్దున ఇల్లు చూడనిచ్చారు, ఇక్కడికి వద్దన్నారు. నా పరువు కోసం అనుకున్నాను నేను."

ఆయన ప్రమీలకు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. "ఇదిగో అమ్మాయ్, నువ్వు కాగితం మీద ఏమైనా రాశావంటే ఈ జిల్లాలో ఉద్యోగం చెయ్యవు. నువ్వు ఎవరివో, నీకీ ఉద్యోగం ఎలా వచ్చిందో నాకు తెలుసు."

"చదువుకుంటే వచ్చిందండి," అంది ప్రమీల. ఆమె గాజు గొట్టం తుడిచి సంచిలో పెట్టుకుంది. "రాస్తాను. రాయడం నా పని. ఈ పిల్లలందరికీ రక్తపరీక్ష చేయించాలి. ఇవాళే వీళ్ళని ఇక్కడి నుంచి పంపించెయ్యాలి."

"మొత్తం ఎన్ని డ్రమ్ములు?" అని అడిగింది రంగమ్మ.

దశరథరామయ్య కండువా భుజాన సర్దుకున్నాడు.

"నేనడుగుతోంది మిమ్మల్నే. లాకుల పనిలో మిగిలినవి మొత్తం ఎన్ని?"

"ఆరు," అన్నాడు జీపులోంచి పూర్ణచంద్రరావు.

తండ్రి గిరుక్కున వెనక్కి తిరిగాడు. కొడుకు స్టీరింగు వైపే చూస్తున్నాడు.

"ఇక్కడికి రెండు వచ్చాయి. తక్కినవి?"

"బాపట్ల బాలవాడికి రెండు, రేపల్లెకి రెండు. మీ మహిళా మండలి వాళ్ళు అడిగారు కదమ్మా, ఆ యేడు. నీ పేరున విరాళమని పంపాం. బాపట్లలో పోయినేడు తుపానుకి ఆ బాలవాడే కూలిపోయింది. ఇప్పుడక్కడ ఏమీ లేదు. రేపల్లెలో ఉంది."

రేపల్లె బాలవాడి రంగమ్మే ప్రారంభించింది. దండ వేశారు. ఆకుపచ్చ గుమ్మం దగ్గర నలభైమంది పిల్లల మధ్య ఆమెను కూర్చోబెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటో ఇంట్లో గోడ మీద ఉంది.

ఆమె వసారా మెట్టు మీద కూర్చుండిపోయింది.

దశరథరామయ్య ఆమె వైపు చూడలేదు. జీపు దగ్గరికి వెళ్ళి, తగ్గుగొంతుతో కొడుకుతో మాట్లాడాడు. తగ్గించినా వసారా దాకా వినబడింది. "రేపల్లె పో. మన మేస్త్రీని, నలుగురు మనుషుల్ని పెట్టు. ఇవాళ పొద్దుగూకేలోపు ఊచలు, తలుపులు, అన్నీ ఇనుము కనబడేదాకా గీకించెయ్. ఉప్పుకాగితం వేసి రుద్దించు. డ్రమ్ములు కాలవలో తోయించు. ఎవరొచ్చి ఏ చుక్క వేసుకున్నా ఏమీ ఉండకూడదు."

"నాన్నా..."

"నీ కూతురు బతికింది. అది చాలు. పో."

"మీరు వెళ్ళకండి," అంది చంద్రకళ. "ఏవండీ, దిగండి."

పూర్ణచంద్రరావు భార్య వైపు చూశాడు, ఆమె చంకలో పాప వైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. తండ్రి చెయ్యి జీపు బానెట్ మీద దబ్బుమని పడింది. అతను గేరు వేశాడు.

"గీకొద్దండీ!" ప్రమీల సంచి వదిలేసి మెట్లు దిగి పరుగెత్తింది. "బాబుగారూ, ఆగండి! గీకొద్దు!"

జీపు మలుపు తిరిగి దుమ్ములో కలిసిపోయింది.

ఆమె రోడ్డు మీద నిలబడి రొప్పుతూ దశరథరామయ్య వైపు తిరిగింది. "పెచ్చు తింటేనే ఇంతయింది. ఉప్పుకాగితంతో రుద్దితే అదంతా పొడై గాల్లో లేస్తుందండి. మూసిన గదిలో, పిల్లలు పడుకునే చాపల మీద, వాళ్ళ అన్నంలో పడుతుంది. పీల్చే ఊపిరిలో పోతుంది. రోజుల్లో ఎక్కే విషం గంటల్లో ఎక్కుతుంది. ముందు పిల్లల్ని బయటికి పంపాలి. ఆ తర్వాతే ఎవరైనా ముట్టుకోవాలి. డాక్టరుగారు మరీ మరీ చెప్పారు."

దశరథరామయ్య జీపు వెళ్ళిన మలుపు వైపు చూశాడు. ఇందాకటి నుంచీ మొదటిసారి ఆయన ఆమె మాటను విన్నాడు.

"ఈ వేళప్పుడు రేపల్లెలో పిల్లలు ఏం చేస్తుంటారు?" అంది చంద్రకళ.

"గంటలో అన్నాలు," అంది వరమ్మ. "తర్వాత పడుకోబెడతారండి."

జీపుకి రేపల్లె గంట. పాసింజరు రైలు మధ్యాహ్నం దాటితేగాని లేదు.

రంగమ్మ లేచి నిలబడింది. ప్రమీల దగ్గరికి వచ్చింది. ఇందాక పాటించిన రెండు మూరల ఎడం ఇప్పుడు లేదు. అయినా ఆ కళ్ళలో స్నేహం లేదు.

"నువ్వంటే నాకు గిట్టదు. ఇవాళ నువ్వు చూపించినదానికి ఈ జన్మలో నిన్ను క్షమించలేను. నాకు ఆ పని చేతకావడం లేదు. నువ్వు మాత్రం ఇక్కడే ఉండి ఈ పిల్లల్ని ఒక్కొక్కరినీ చూడు. వరమ్మ పేర్లు చెబుతుంది. రాసుకో. అన్నీ రాసుకో."

తర్వాత భర్త ముందుకు వెళ్ళి చెయ్యి చాపింది.

"ఫోను తాళంచెవి ఇవ్వండి."

ఇంట్లో ఫోనుకి ఆయన తాళం వేసుకుంటాడు. చెవి ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. రేపల్లె బాలవాడి పక్కన రైసుమిల్లుకు ఫోనుంది. ఒక్క ట్రంకు కాల్ చేసి, 'పిల్లల్ని బయటికి పంపించండి, ఎందుకంటే...' అని చెప్పాలి. ఆ 'ఎందుకంటే' తర్వాత ఏం చెప్పాలో ఇద్దరికీ తెలుసు.

"రంగా, ఆలోచించు. జైలుకి పోయేది నేనొక్కణ్ణే కాదు. రంగంతా లాకులకే వాడేశామని పూర్ణ కూడా సంతకాలు పెట్టాడు."

"ఆలోచించే అడుగుతున్నాను."

"ఇంటికి పద. మాట్లాడుకుందాం."

"ఇవ్వకపోతే పోస్టాఫీసుకి పోతాను. అక్కడ ట్రంకు కాల్ అంటే గొంతు చించుకుని అరవాలి. ఏ డ్రమ్ము ఎక్కణ్ణుంచి వచ్చిందో వరసలో నిలబడ్డవాళ్ళందరూ వింటారు. ఇంట్లో అయితే మీరొక్కరే వింటారు. ఏది కావాలో చెప్పండి."

చాపిన ఆమె అరచేతిలో కటకటాల మీది ఆకుపచ్చ పొడి అంటుకుని ఉంది.

దశరథరామయ్య చెయ్యి జేబులోకి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఉండిపోయింది.